అజర్‌బైజాన్ నవల: జాతీయ అస్తిత్వం, పొరుగువాడు, ప్రపంచీకరణ

పాత అలమార (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల ద్వారా మన ఊళ్లకు చేరిన తెలుగు అనువాదాలు చదువుతూ పెరిగిన తరం నాది. కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్మాతోవ్ 'జమీల్యా'ను నేను తెలుగులోనే చదివాను. ఆ రోజుల్లో ఆ పుస్తకాలన్నింటినీ 'రష్యన్ సాహిత్యం' అనే ఒకే అరలో సర్దుకున్నాను. రెండేళ్లుగా అజర్‌బైజాన్ నవలలను ఇంగ్లీషు అనువాదాల్లో వెతికి చదువుతుంటే, ఆ అరను పూర్తిగా ఖాళీచేసి మళ్లీ సర్దుకోవలసిన అవసరం కనిపించింది.

నా ప్రశ్న ఇది. 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడి స్వతంత్రమైన ఆ దేశం 1994 సెప్టెంబరులో విదేశీ చమురు సంస్థలతో 'శతాబ్దపు ఒప్పందం' అని పిలిచే ఒడంబడిక చేసుకుంది. ఆ తర్వాత రాజధాని బాకూ నుంచి జార్జియాలోని టిబిలిసి మీదుగా టర్కీ తీరంలోని జేహాన్ వరకు 1,768 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. బాకూ నగరంలో అద్దాల ఎత్తైన భవనాలు లేచాయి. ప్రపంచీకరణ అంటే మనకు గుర్తొచ్చే హంగులన్నీ అక్కడ ఉన్నాయి. మరి అక్కడి నవల ఈ మార్పును ఎలా చూస్తోంది? జాతీయ అస్తిత్వం ప్రపంచీకరణ వల్ల కరిగిపోతోందని బాధపడుతోందా, లేక మరేదైనా చెబుతోందా?

నా మట్టుకు నాకు ఒక అనుమానం కలిగింది. ఆ నవలల్లో దూరప్రపంచం గురించిన భయం నేను ఊహించినంత లేదు. అసలు చిక్కంతా పక్కింటివాడితోనే వచ్చింది. ఈ అనుమానం సరైనదో కాదో మీతో కలిసి పరీక్షించుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అక్షరమాల

పాత అలమార గారూ, మంచి చర్చకు తెర తీశారు. 'అలీ, నీనో' నవలతో మొదలుపెడదాం, ఎందుకంటే మీ ప్రశ్న ఆ నవల మొదటి పేజీలోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బాకూలోని ఒక రష్యన్ బడి. భూగోళం పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడు, కాకసస్ కొండలకు దక్షిణాన ఉన్న ఈ ప్రాంతం యూరప్‌కు చెందుతుందా, ఆసియాకు చెందుతుందా అన్నది పండితులింకా తేల్చలేదనీ, ఈ ఊరు ప్రగతిశీల యూరప్‌లో ఉండాలో వెనుకబడిన ఆసియాలో ఉండాలో నిర్ణయించే బాధ్యత కొంతవరకు మీదేననీ పిల్లలతో అంటాడు. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, మేము ఆసియాలోనే ఉంటామండీ అని జవాబిస్తాడు.

ఆ జవాబు చదివి మనం ముచ్చటపడతాం. అయితే ఆ పుస్తకం ఏ భాషలో వచ్చింది? జర్మన్‌లో, 1937లో, వియన్నాలో, కుర్బాన్ సయీద్ అనే కలం పేరుతో వచ్చింది. ఆ పేరు వెనక ఉన్నది బాకూలో పెరిగిన యూదు కుటుంబంవాడైన లెవ్ నుస్సింబావుమ్ అని కొందరు, అజర్‌బైజానీ రచయిత యూసిఫ్ వజీర్ చమన్‌జమిన్లి అని మరికొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రెండో ఆయన సోవియట్ నిర్బంధ శిబిరంలో 1943లో మరణించాడు. ఒక జాతి తన నవలగా గుండెకు హత్తుకున్న పుస్తకం పరాయి భాషలో, పరాయి దేశంలో, కర్త ఎవరో తేలకుండా ఉంది. ప్రపంచీకరణ నిన్న మొన్న వచ్చిన సంగతి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

నల్లరేగడి

అక్షరమాల గారితో కొంతవరకే ఏకీభవిస్తాను. ప్రవాసంలో ఉన్నవాడు పరాయి భాషలో రాయడం వేరు, సొంత గడ్డ మీదే సొంత భాష విలువ తగ్గిపోవడం వేరు. రెండింటినీ 'ప్రపంచీకరణ' అనే ఒకే మాట కింద చేర్చితే, అధికారం ఎవరి చేతిలో ఉందన్న విషయం మరుగునపడుతుంది.

చింగిజ్ అబ్దుల్లాయెవ్‌ను చూడండి. 1959లో బాకూలో పుట్టాడు. రష్యన్‌లో వందకు పైగా నవలలు రాశాడు. ఆయన సృష్టించిన ద్రోంగో అనే పరిశోధకుడు దేశదేశాలు తిరుగుతూ నేరాలు ఛేదిస్తాడు. అజర్‌బైజాన్ నుంచి అత్యధికంగా అమ్ముడుపోయే కాల్పనిక సాహిత్యం ఇదేనని చెప్పవచ్చు, కానీ అది అజర్‌బైజానీ భాషలో పుట్టలేదు. మక్సూద్ ఇబ్రహీంబేయోవ్, రుస్తం ఇబ్రహీంబేయోవ్ అన్నదమ్ములు కూడా రష్యన్‌లోనే రాశారు. ప్రతిభావంతులైన పట్నపు పిల్లలు పాలకుల భాషలో చదువుకుని, అందులోనే రాసి, అందులోనే పేరు తెచ్చుకుంటే తల్లిభాష నవలకు ఎవరు మిగులుతారు? ఇది మనకు తెలియని బాధ కాదు. ఐత్మాతోవ్ 1980 నాటి నవలలో జ్ఞాపకశక్తిని పోగొట్టుకుని యజమానికి బానిసగా మారినవాడిని 'మన్‌కుర్త్' అంటాడు. టర్కిష్, కిర్గిజ్, అజర్‌బైజానీ లాంటి తుర్కిక్ భాషల వారంతా ఆ మాటను తల్లిభాష మరిచినవాళ్లను నిందించడానికి వాడుకున్నారు. అజర్‌బైజాన్‌లోనూ అది చలామణిలో ఉంది.

అక్షరమాల

నల్లరేగడి గారూ, మీ బాధను నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే ఆ 'తల్లిభాష'కు జరిగినదేమిటో కొంచెం వివరంగా చూద్దాం. ఈ చర్చలో అన్నింటికంటే బరువైన సంగతి ఇదేనని నేననుకుంటున్నాను.

1929 నాటికి అరబ్బీ లిపిని తీసేసి లాటిన్ లిపి పెట్టారు. పదేళ్లు తిరిగే సరికి లాటిన్ పోయి రష్యన్ రాసే సిరిలిక్ లిపి వచ్చింది. 1991 డిసెంబరులో మళ్లీ లాటిన్‌ను తెచ్చారు, 2001 ఆగస్టు 1 నుంచి అన్ని పత్రికలూ కార్యాలయాలూ దానికి మారవలసిందేనని నిర్బంధం చేశారు. ఒకే శతాబ్దంలో లిపి మూడుసార్లు మారింది. తాత చేతి రాతను తండ్రి చదవలేడు, తండ్రి కొన్న పుస్తకాలను కొడుకు కష్టపడి కూడబలుక్కోవాలి. 2004లో ప్రభుత్వం పాత రచనలన్నింటినీ కొత్త లిపిలో పెద్ద సంఖ్యలో అచ్చువేసి గ్రంథాలయాలకు పంచే కార్యక్రమం చేపట్టవలసి వచ్చిందంటే, ఒక సాహిత్యం తన పాఠకులను ఎన్నిసార్లు పోగొట్టుకుందో ఊహించండి.

భాష పేరు కూడా స్థిరంగా నిలవలేదు. 1992 చివర్లో చేసిన చట్టం దాన్ని 'తుర్కు భాష' అంది, 1995 రాజ్యాంగం 'అజర్‌బైజానీ భాష' అంది. ఆ భాషే మాట్లాడే వాళ్లు అరాస్ నదికి దక్షిణాన, ఇరాన్‌లో, అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. వారికి ఆ భాషలో బడి చదువు లేదు, రాసేటప్పుడు అరబ్బీ లిపిలో రాస్తారు. అందువల్ల ఉత్తరాన అచ్చయిన నవల నది దాటితే, భాష అర్థమయ్యే పాఠకుడికి సైతం అక్షరం అర్థం కాదు.

మనం తెలుగువాళ్లం పదకొండో శతాబ్దపు పద్యాన్ని అర్థం కాకపోయినా కనీసం పైకి చదవగలం. ఆ భాగ్యం ఎంత పెద్దదో ఈ కథ చదివాకే నాకు తెలిసివచ్చింది.

కొత్త పాఠకురాలు

నేను ఈ సాహిత్యంలో ఒక్క పుస్తకమే చదివాను, అదీ 'అలీ, నీనో'. అందులో అలీ ముస్లిం, నీనో జార్జియన్ క్రైస్తవ అమ్మాయి. చివర 1920లో ఎర్రసైన్యం దండెత్తి వచ్చినప్పుడు, రెండేళ్లు కూడా నిండని తన గణతంత్ర రాజ్యం కోసం గాంజా వంతెన దగ్గర పోరాడి అలీ చనిపోతాడు. నీనో అప్పటికి బిడ్డతో జార్జియాకు వెళ్లిపోయింది. నాకు అనిపించిందేమిటంటే, అలీ దేశం కోసం చనిపోయాడు గానీ, ఆ దేశం ఎలా ఉండాలో నీనోతో కాపురంలోనే తెలుసుకున్నాడు. పర్షియాలో అంతఃపురంలో ఉంచితే ఆమె ఊపిరాడక గింజుకుంటుంది, బాకూలో యూరోపియన్ పద్ధతిలో ఇల్లు అమర్చితే అతను పరాయివాడవుతాడు. ఈ రకం కథలు అక్కడ ఇంకా ఉన్నాయా?

గోదారి గట్టు

ఉన్నాయి తల్లీ, చాలా ఉన్నాయి. మీరు అడిగిన ప్రశ్నే ఈ చర్చకు తాళంచెవి.

అజర్‌బైజానీలో తొలి నవలగా చెప్పుకునే 'బహాదూర్, సోనా'ను 1896లో నరీమాన్ నరీమానోవ్ రాశాడు. బహాదూర్ ముస్లిం యువకుడు, సోనా అర్మేనియన్ అమ్మాయి. మతం అడ్డుపడి ఇద్దరి బతుకులూ ఛిద్రమవుతాయి. ఇది రాసిన మనిషే 1920లో సోవియట్ అజర్‌బైజాన్ ప్రభుత్వానికి అధినేత అయ్యాడు. ఒక భాషలో నవల అనే ప్రక్రియ మొదలవడమే పొరుగు జాతి అమ్మాయి మీద ప్రేమతో మొదలైందన్న మాట.

ఇంకా వెనక్కు వెళితే, ఆషిక్‌లు అనే గాయకులు వాయిద్యం మీటుతూ పాడే జానపద గాథ 'అస్లీ, కెరెం' ఉంది. అందులో అస్లీ అర్మేనియన్ పూజారి కూతురు. ఆ గాథను ఎల్చిన్ 1983లో 'మహ్మూద్, మర్యం' అనే నవలగా మలిచాడు. 2009లో అలెక్పెర్ అలియేవ్ 'అర్తూష్, జావుర్' రాశాడు. అందులో అర్మేనియన్ యువకుడు, అజర్‌బైజానీ యువకుడు పరస్పరం ప్రేమించుకుంటారు. కాబట్టి రెండు నిషేధాలు ఒకే కథలో ముడిపడ్డాయి. సెయ్ముర్ బైజాన్ 'గుగార్క్' నవల కూడా ఈ దారిలోదే.

నూటపాతికేళ్లుగా ఒకే కథ మళ్లీ మళ్లీ పుడుతోందంటే, అది రచయితలకు ఊహ కరువై కాదు. కరబాఖ్ ప్రాంతం కోసం అర్మేనియాతో జరిగిన యుద్ధంలో వేలమంది చనిపోయారు, లక్షలమంది ఇళ్లు వదిలి పారిపోయారు, రెండు వైపులా. అంతటి రక్తం పారిన చోట 'మనం ఎవరం' అన్న ప్రశ్న 'వాళ్లు మనకేమవుతారు' అన్న ప్రశ్న నుంచి విడివడదు. పాత అలమార గారి అనుమానానికి నా వంతు సాక్ష్యం ఇది.

నల్లరేగడి

గోదారి గట్టు గారు చూపిన వరుస నాకు కొత్త, కృతజ్ఞతలు. అయినా ప్రేమకథలో పొరుగువాడిని తలచుకోవడం సులువు. ప్రేమ ఓడిపోతుంది, పాఠకుడు కన్నీరు పెట్టుకుంటాడు, ఎవరూ తప్పు ఒప్పుకోనక్కరలేదు. చరిత్రను ఎదుర్కొన్న నవల ఏది?

పాత అలమార

అక్రం ఐలిస్లి 'రాతి కలలు'.

ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. ఐలిస్లి 1937లో నఖ్‌చివాన్ ప్రాంతంలో, ఓర్దూబాద్ దగ్గరున్న ఐలిస్ అనే ఊళ్లో పుట్టాడు, ఆ ఊరి పేరే తన పేరుగా పెట్టుకున్నాడు. ఒకప్పుడు అర్మేనియన్లు పెద్ద సంఖ్యలో నివసించిన ఊరు అది. 1919 చివర్లో అక్కడ ఆ అర్మేనియన్ల మారణకాండ జరిగింది. నవలలో సాదాయ్ సాదిగ్లీ అనే రంగస్థల నటుడు, 1989 చివర్లో బాకూ ఉద్రిక్తంగా ఉన్న రోజుల్లో, గుంపు చేతిలో చిక్కిన ఒక అర్మేనియన్ ముసలాయనను కాపాడబోయి తానే చావుదెబ్బలు తింటాడు. ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్న అతని కలల్లోకి ఐలిస్ ఊరూ, ఆ ఊరి చర్చీలూ, చిన్నప్పుడు ముసలివాళ్ల నోట విన్న కథలూ వస్తాయి.

ఈ నవలను ఆయన అజర్‌బైజానీలో రాసి, స్వయంగా రష్యన్‌లోకి అనువదించుకున్నాడు. 2012 డిసెంబరులో మాస్కో పత్రిక 'ద్రూజ్బా నరోదోవ్' దాన్ని అచ్చువేసింది. రెండు నెలల్లో, 2013 ఫిబ్రవరిలో, అధ్యక్షుడి ఉత్తర్వుతో 'ప్రజా రచయిత' బిరుదునూ దానితో వచ్చే భృతినీ తీసివేశారు. ఆయన పుస్తకాలను తగలబెట్టారు. ఆయన చెవి కోసి తెచ్చినవారికి అక్కడి డబ్బులో 10,000 మనాత్‌ల బహుమతి ఇస్తానని ఒక పార్టీ నాయకుడు బహిరంగంగా ప్రకటించాడు. ఆయన భార్యా, కొడుకూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 76వ ఏట పడుతున్న మనిషి మీద ఇదంతా జరిగింది.

నేను ఈ పుస్తకం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. అందులోని హింస వల్ల కాదు. ఒక మనిషి తన ఊరి మీద ఉన్న ప్రేమతోనే ఆ ఊరి నేరాన్ని చెప్పగలిగాడు. ఊరిని ద్వేషించేవాడు ఆ చర్చీ గోడల మీద పడే వెలుతురును అలా వర్ణించలేడు.

గోదారి గట్టు

ఇక్కడ అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. ఆ నవలను వ్యతిరేకించినవారందరూ చెవులు కోసేవాళ్లు కారు. 1992 ఫిబ్రవరిలో, కరబాఖ్ యుద్ధంలో, ఖోజాలీ అనే ఊళ్లో వందలాది అజర్‌బైజానీ పౌరులు హతులయ్యారు, అర్మేనియా నుంచీ కరబాఖ్ చుట్టుపక్కల జిల్లాల నుంచీ వెళ్లగొట్టబడిన కుటుంబాలు ఏళ్ల తరబడి గుడారాల్లో, రైలు పెట్టెల్లో బతికాయి. మా చావులు ఈ పుస్తకంలో ఎందుకు లేవని అడిగినవారి గొంతులో నిజమైన దుఃఖం ఉంది. అయితే ఒక్కో నవల నుంచి లెక్క సరిపోయే సమతూకాన్ని కోరడం సరికాదని నా అభిప్రాయం. ఇతరుల నేరం చెప్పడానికి ఎందరో ఉంటారు, మన నేరం చెప్పవలసినవాడు మనవాడే.

దూరతీరం

నేను కొన్నేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడి పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక నవల ఈ చర్చకు పనికొస్తుంది. ఓల్గా గ్రియాస్నోవా 1984లో బాకూలో యూదు కుటుంబంలో పుట్టి, 1996లో జర్మనీకి వలస వచ్చింది. 2012లో ఆమె తొలి నవల వెలువడింది, ఇంగ్లీషు పేరును తెలుగులో చెబితే 'రష్యన్లందరికీ భూర్జ వృక్షాలంటే ప్రేమ'. కథానాయిక మాషా ఎన్నో భాషలు తెలిసిన దుబాసీ. ఎక్కడికి వెళ్లినా మాట్లాడగలదు, ఎక్కడా ఊరటగా నిలవలేదు. బాకూలో 1990 జనవరిలో అర్మేనియన్ల మీద దాడులు జరిగినప్పుడు చిన్నపిల్లగా చూసిన దృశ్యం ఆమెను వదలదు.

పాత అలమార గారి మాటను ఈ నవల ఇంకో దిక్కు నుంచి బలపరుస్తోంది. మాషా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా, ఇజ్రాయెల్‌లో ఉన్నా ఆమె గాయం బాకూలోని ఒక వీధిలోనే తగిలింది. ప్రపంచీకరణ ఆమెకు విమానం టికెట్టు ఇచ్చింది, పాస్‌పోర్టు ఇచ్చింది, భాషలు ఇచ్చింది. ఆ వీధిని మాత్రం చెరపలేకపోయింది.

ఒక్క సంగతి నా అనుభవం నుంచి చెబుతాను. ఇక్కడ నన్ను 'ఎక్కడి నుంచి' అని అడిగినవారికి ముందు భారతదేశం అంటాను, వాళ్లు హిందీ గురించి మాట్లాడితే తెలుగు అంటాను, ఆ పేరు వినలేదంటే హైదరాబాద్ అంటాను. నా అస్తిత్వం అవతలివాడి అజ్ఞానాన్నిబట్టి మూడు మెట్లు దిగుతుంది. మాషా ఐదారు మెట్లు దిగవలసి వస్తుంది.

కొత్త పాఠకురాలు

ఇదంతా రష్యన్, జర్మన్ భాషల్లో వెలువడిన పుస్తకాల గురించే ఎక్కువగా సాగుతోంది. అజర్‌బైజానీలోనే ఉండి, అక్కడి పాఠకుల కోసమే రాసినవాళ్లు ప్రపంచాన్ని ఎలా చూశారు?

అక్షరమాల

సరైన చోట ఆపారు. రెండు నవలలు చెబుతాను.

మొదటిది అనార్ రాసిన 'అయిదంతస్తుల ఇంట్లో ఆరో అంతస్తు'. అనార్ 1938లో పుట్టాడు, తల్లిదండ్రులు ఇద్దరూ కవులే. సోవియట్ కాలపు బాకూలో జావుర్ అనే యువకుడు, తనకంటే స్వేచ్ఛగా బతికే తహ్మినాను ప్రేమిస్తాడు. తల్లిదండ్రుల మాటా, ఇరుగుపొరుగు గుసగుసలూ, తన సొంత పిరికితనమూ కలిసి ఆమెను పోగొట్టుకుంటాడు. ఇందులో జాతి అన్న మాట పెద్దగా వినిపించదు. అయినా పైకి ఆధునికంగా కనిపించే అపార్టుమెంటు లోపల పాత కట్టుబాటు ఎలా అద్దెకుంటోందో చూపించింది. పేరులోనే ఉంది కదా, లేని అంతస్తు. జావుర్ లాంటివాళ్లు కోరుకున్న జీవితానికి ఆ నగరం అంతస్తు కట్టలేదు. 1970ల నాటి తెలుగు మధ్యతరగతి పాఠకుడికి ఈ నవల పరాయిదిగా అనిపించదని ధైర్యంగా చెప్పగలను.

రెండోది కమాల్ అబ్దుల్లా 2004లో ప్రచురించిన 'అసంపూర్ణ రాతప్రతి'. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి. అజర్‌బైజానీలు తమ ఆదికావ్యంగా 'దెదె కొర్కుత్ గ్రంథం' అనే, ఒగూజ్ తుర్కు తెగల వీరగాథలను భావిస్తారు. సోవియట్ ప్రభుత్వం 1950ల తొలినాళ్లలో దాన్ని నిషేధించింది, తర్వాత మళ్లీ అనుమతించింది. స్వతంత్ర దేశం 2000లో దానికి 1,300 ఏళ్ల పండుగ చేసింది. జాతికి మూలస్తంభంగా నిలబెట్టిన గ్రంథం అన్నమాట. కమాల్ అబ్దుల్లా సాక్షాత్తూ భాషాశాస్త్రవేత్త, ఆ గ్రంథాన్ని జీవితకాలం చదివినవాడు. ఆయన ఏం చేశాడంటే, ఆ వీరుల మధ్య ఒక గూఢచారి ఉన్నాడనీ, గోతిలో బంధించిన వాడిని ఎవరో వదిలేశారనీ, ఎవరు వదిలారో తేల్చడానికి ఒగూజ్‌ల పాలకుడు బాయందూర్ ఖాన్ విచారణ జరిపాడనీ, ఆ విచారణను గాథలు చెప్పిన దెదె కొర్కుత్ స్వయంగా రాసుకున్నాడనీ కల్పించాడు. విచారణలో వీరులందరూ అసూయతో, భయంతో, స్వార్థంతో మాట్లాడతారు. ఇందులోనే పదహారో శతాబ్దపు ఇరాన్ పాలకుడు షా ఇస్మాయిల్‌కూ, అచ్చం అతనిలా ఉండే మారుమనిషికీ సంబంధించిన మరో కథ అల్లుకుంటుంది. చదువుతుంటే దెదె కొర్కుత్ చివరికి కావ్యంలో ఏం రాశాడో, ఏం రాయకుండా వదిలాడో తెలుస్తూ ఉంటుంది.

నల్లరేగడి

ఈ పద్ధతి పాశ్చాత్యుల నుంచి వచ్చిందే కదా? దొరికిన రాతప్రతి, చరిత్ర మీద అనుమానం, డిటెక్టివ్ ఎత్తుగడ, అన్నీ ప్రపంచ మార్కెట్‌లో నడిచే సరుకే. పవిత్రమైన కావ్యాన్ని ఆ మూసలో పోస్తే అది జాతీయ నవల అవుతుందా?

అక్షరమాల

ఎత్తుగడ బయటిదే కావచ్చు. అనుమానం మాత్రం లోపలిదే. 'దెదె కొర్కుత్' రాతప్రతి ఎక్కడ ఉందో తెలుసా? పన్నెండు కథల ప్రతి జర్మనీలో డ్రెస్డెన్‌లో, ఆరు కథల ప్రతి వాటికన్‌లో ఉన్నాయి. ఆ గ్రంథం సంగతి లోకానికి 1815లో ఒక జర్మన్ పండితుడి ద్వారా తెలిసింది. జాతి మూలాన్ని వెతుక్కుంటూ వెళ్లినవాడు జర్మన్ గ్రంథాలయానికి చేరుకుంటాడు. దొరికిన రాతప్రతి అన్న ఎత్తుగడ వాళ్లకు చరిత్రే ఇచ్చింది, దానికోసం యూరోపియన్ నవలల దగ్గరికి వెళ్లనక్కరలేదు.

ఇంకో మాట. ద్రౌపది వైపు నుంచో, కర్ణుడి వైపు నుంచో, శూర్పణఖ వైపు నుంచో మన రచయితలు ఇతిహాసాన్ని ప్రశ్నించినప్పుడు దాన్ని మనం పరాయి సరుకు అనలేదు. ఆ కావ్యంతో తరతరాల పరిచయం ఉన్నవాడే దానితో అలా గొడవపడగలడు.

నల్లరేగడి

ఆ పోలిక ముందు నా మాట నిలవదు, ఒప్పుకుంటున్నాను. కావ్యాన్ని తాకరాని విగ్రహంగా ఉంచితే అది ప్రభుత్వ ఉత్సవాలకే పనికొస్తుంది. అయినా నా మొదటి బాధ అలాగే ఉంది. ఈ నవల గురించి మనం ఇలా మాట్లాడుకోగలగడానికి అది ఇంగ్లీషులోకి రావలసి వచ్చింది. అనువాదం కాని అజర్‌బైజానీ నవలలు మన దృష్టిలో లేనట్టే. ప్రపంచీకరణలో ఉన్న అన్యాయం ఇది, పొరుగువాడి కథతో దీనికి సంబంధం లేదు. పెద్ద భాష అనే గుమ్మం దాటినవాడే లోకానికి కనిపిస్తాడు.

దూరతీరం

ఈ మాట పూర్తిగా నిజం. చిన్న దేశాల సాహిత్యానికి అనువాదం ప్రాణవాయువు. బాకూలో 2014లో ప్రభుత్వమే ఒక అనువాద కేంద్రాన్ని నెలకొల్పింది. మంచి పనే. కానీ ఏ పుస్తకం జాతికి ప్రతినిధిగా వెళ్లాలో ప్రభుత్వం నిర్ణయిస్తే 'రాతి కలలు' లాంటిది ఆ జాబితాలోకి ఎన్నటికీ రాదు. అది 2018లో మరో రెండు నవలికలతో కలిపి 'వీడ్కోలు, ఐలిస్' పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ పని ప్రభుత్వ కేంద్రం చెయ్యలేదు, కేథరిన్ యంగ్ అనే అనువాదకురాలు చేసింది. మార్కెట్ ఒక వైపు, ప్రభుత్వం ఒక వైపు వడపోస్తుంటే మధ్యలో మనకు దక్కేవి కొద్ది పుస్తకాలే.

గోదారి గట్టు

ఈ మూడు రోజుల చర్చలో ఒక రచనను ఎవరూ తలవలేదు, అది నవల కాదు కాబట్టి కావచ్చు. జలీల్ మమ్మద్‌గులూజాదే 1920లో రాసిన నాటకం 'మా అమ్మ పుస్తకం'. ఈయనే 1906లో టిబిలిసిలో 'మొల్లా నస్రెద్దీన్' అనే వ్యంగ్య పత్రికను స్థాపించినవాడు. అలీ ప్రాణమిచ్చిన గణతంత్రం కూలిన సంవత్సరమే ఈ నాటకం వచ్చింది.

ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు రష్యాలో, ఒకడు ఇస్తాంబుల్‌లో, ఒకడు ఇరాక్‌లోని నజఫ్‌లో చదువుకుని ఇంటికి తిరిగివచ్చారు. ఒకడి నోట రష్యన్ పదాలు, ఒకడి నోట ఉస్మానీ తుర్కు పదాలు, ఒకడి నోట అరబ్బీ ఫార్సీ పదాలు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, తల్లికి ముగ్గురి మాటా అర్థం కాదు. ఇంట్లో మిగిలిన చెల్లెలు గుల్‌బహార్, చివరికి అన్నల పుస్తకాలను కాల్చేసి అమ్మ పుస్తకాన్ని మాత్రం దాచుకుంటుంది. ఆ చిన్న పుస్తకంలో తండ్రి తన పిల్లలు తల్లి చుట్టూ గ్రహాల్లా తిరగాలని రాసి ఉంచాడు.

ప్రపంచీకరణ గురించి ఇంతకంటే స్పష్టమైన రచన నేను చదవలేదు. అన్నదమ్ములు చెడ్డవాళ్లు కారు, చదువుకున్నవాళ్లు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పెద్ద ప్రపంచాన్ని ఇంటికి తెచ్చారు. ఆ ఇంట్లో వాళ్లకు పొరుగువాడు ఎక్కడో లేడు, పక్క గదిలో సొంత అన్నదమ్ముడే అయ్యాడు. పాత అలమార గారూ, మీరు పక్కింటివాడన్నారు. ఇతను ఒక్క మెట్టు ఇంకా దగ్గరికి వచ్చాడు.

కొత్త పాఠకురాలు

పుస్తకాలు కాల్చడం నాకు మింగుడుపడటం లేదు. చెల్లెలు చేసిన పని సరైనదేనా? ఐలిస్లి పుస్తకాలను తగలబెట్టినవాళ్లు కూడా తామే అమ్మ వైపు ఉన్నామని అనుకుని ఉంటారు కదా?

గోదారి గట్టు

నాటకం చదివిన ప్రతిసారీ నేనూ అక్కడే ఆగిపోతాను. రచయిత ఆమె పట్ల అపారమైన సానుభూతితో రాశాడు, ఆ ఇంట్లో ఆమె మాట విన్నవాళ్లే లేరు. కానీ ఆయనకు తెలియని 1937 మనకు తెలుసు. ఆ ఏడు అజర్‌బైజాన్ కవులూ రచయితలూ ఎందరినో జాతీయవాదులని నింద మోపి కాల్చి చంపారు, శిబిరాలకు పంపారు, వాళ్ల పుస్తకాలను అలమారల్లోంచి తీసేశారు. 2013 కూడా తెలుసు. కాబట్టి నాటకాన్ని ఇవాళ ఆడేవాడు ఆ మంటను ఆయన చూసినట్టు చూడలేడు. మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు తల్లీ, ఆ ప్రశ్నతో పాటే నాటకం చదవమని మాత్రం చెప్పగలను.

పాత అలమార

గోదారి గట్టు గారి చివరి రెండు జాబులు చదివి, ఆ నాటకాన్ని తెలుగులోకి తేవాలన్న కోరిక కలిగింది. నాకు రష్యన్ కొంత వచ్చు, అజర్‌బైజానీ రాదు. రష్యన్ నుంచి చేస్తే, ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకడి పరాయి భాషలోంచే మొత్తం నాటకాన్ని చూసినట్టవుతుంది. అది ఆ రచన ప్రాణానికే విరుద్ధం. అజర్‌బైజానీ తెలిసినవారు, లేదా టర్కిష్ బాగా వచ్చినవారు సభ్యుల్లో ఎవరైనా ఉంటే దయచేసి ముందుకు రండి.

ఇంకో చిక్కు ఉంది. ముగ్గురి మాటలను తెలుగులో ఎలా వేరుచేయాలి? నజఫ్ నుంచి వచ్చినవాడికి సమాసాలు నిండిన గ్రాంథికం, రష్యా నుంచి వచ్చినవాడికి అడుగడుగునా ఇంగ్లీషు మాటలు దొర్లే తెలుగు ఇవ్వవచ్చునని తోస్తోంది. ఇస్తాంబుల్ నుంచి వచ్చినవాడి దగ్గరే ఆగిపోయాను. అతను మాట్లాడేది తన భాషకు అతి దగ్గరి చుట్టమైన భాష. వినేవాడికి సగం అర్థమవుతుంది, ఆ సగం వల్లే మిగిలిన సగం మరింత దూరమవుతుంది. దానికి సరితూగేది తెలుగుకు ఏముందో ఆలోచించి చెప్పండి.

నల్లరేగడి

నాకు టర్కిష్ చదవడం వచ్చు, అయిదేళ్లు అక్కడ పనిచేశాను. అజర్‌బైజానీ మూలం లాటిన్ లిపిలో దొరికితే నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి అంకం చూస్తాను. అన్నదమ్ముల్లో ఇస్తాంబుల్‌వాడి మాటలను ముందుగా విడిగా రాసి పంపుతాను, వాటి సంగతి కలిసి తేల్చుకుందాం. తల్లి మాటలు మాత్రం గోదారి గట్టు గారే రాయాలి.